వెనక కాళ్ళు ఈడ్చే కుందేలుకి ఏం కొనాలి, ఏం కొనకూడదు: తిరుపతి అంగళ్ళ సరుకు మీద సమీక్ష

కుందేలు వెనక కాళ్ళు ఈడుస్తోందని పెట్ షాపులో చెప్తే మామూలుగా మూడు సలహాలు వస్తాయి: కాల్షియం టానిక్, కొత్త ఇనుప బోను, ఫోన్లో బొమ్మ చూపించి ఆర్డర్ పెట్టించే చక్రాల బండి. మొదటిది మూత్రాశయానికి చేటు. రెండోది కొన్నిసార్లు అసలు ఇబ్బందికే మూలం. మూడోది మంచిదే కానీ అందరికీ కాదు, కొన్నా ఆఖర్న కొనాలి. డబ్బు ముందు నేల మీద పరిచేవాటి మీద పెట్టండి, తర్వాత ఒళ్ళు తడవకుండా కాచే గుడ్డల మీద, ఆ తర్వాత గడ్డి మీద. తిరుపతిలో దొరికే సరుకులో ఏది నిలుస్తుందో, ఏది దండగో ఆ వరసలోనే రాస్తున్నాం. చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి వైపు వాళ్ళకీ ఇదే సరుకు.

కొనేముందు అది ఏ రకం బలహీనతో తెలుసుకోవాలి, ఎందుకంటే ఒకదానికి మేలు చేసేది ఇంకోదానికి కీడు. నిన్నటిదాకా గెంతిన కుందేలు ఇవాళ రెండు కాళ్ళూ ఈడుస్తోందంటే ముందు అనుమానించాల్సింది వెన్నెముకని. కుందేలు ఎముకలన్నీ కలిపినా ఒంటి బరువులో 7–8 శాతమే, అదే పిల్లికైతే 12–13 శాతం. వెనక కాళ్ళ కండ మాత్రం మహా గట్టిది. భయపడి ఒక్క తన్ను తన్నిందంటే ఆ ఊపుకి నడుము కింది పూస విరగొచ్చు, ఎక్కువగా ఏడో కటి పూస దగ్గర. పిల్లలు నడుముకి ఆసరా ఇవ్వకుండా ఎత్తుకున్నప్పుడు, దీపావళి టపాసులకి, అలిపిరి, కపిలతీర్థం వైపు మిద్దెల మీద బోనుల పైకి కోతులు దూకినప్పుడు జరిగేది ఇదే. అలాంటి కుందేలుకి మొదటి వారాల్లో వ్యాయామం, మసాజ్, బండి ఏవీ వద్దు. రెండు పక్కలా చుట్టిన తువ్వాళ్ళు పెట్టిన చిన్న పెట్టెలో కదలకుండా ఉంచి ఎక్స్‌రేకి తీసుకెళ్ళాలి.

వారాల తరబడి మెల్లగా వచ్చే బలహీనత వేరు. దానికి తోడు మెడ ఒక పక్కకి వాలడం, కంట్లో తెల్ల మచ్చ, మూత్రం దానంతటది కారడం లాంటివి ఉంటే ఎన్‌సెఫలిటోజూన్ క్యునిక్యులై అనే సూక్ష్మ పరాన్నజీవిని అనుమానిస్తారు. ఇది మెదడు, వెన్నుపాము, కిడ్నీల్లో చేరుతుంది, మూత్రం ద్వారా పక్క కుందేళ్ళకి అంటుతుంది. 5–6 ఏళ్ళు దాటినవాటిలో కీళ్ళ అరుగుదల, వెన్నుపూసలు బిగుసుకోవడం ఎక్కువ. ఇవి కాక ఇంకో రెండున్నాయి, వీటిని చూడకుండానే చాలామంది మందులు మొదలుపెట్టేస్తారు: మడమ కింద పుండు, పెరిగిపోయిన గోళ్ళు. పాదం తిప్పి చూస్తే చాలు, అర నిమిషంలో తేలిపోతుంది. మడమ దగ్గర బొచ్చు ఊడి ఎర్రగా, గట్టిగా ఉందంటే కుందేలు కాలు మోపకపోవడానికి నొప్పి కారణం, నరం కాదు. గోరు పాదం బొచ్చు దాటి నేలకి తగులుతుంటే వేలు పైకి లేచి, బరువంతా మడమ మీద పడుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి గోళ్ళు తీయాలి. గోరు లోపల గులాబీ రంగులో రక్తనాళం కనిపిస్తుంది, దానికి రెండు మిల్లీమీటర్ల ఇవతలే కోయాలి. నల్ల గోళ్ళయితే వెనకనుంచి టార్చి కొట్టి చూడండి.

ఇక నేల. తిరుపతి ఇళ్ళలో నేల అంటే పాత ఇళ్ళలో కడప బండ, అపార్ట్‌మెంట్లలో నున్నటి టైల్స్, కాస్త కలిగినవాళ్ళ ఇళ్ళలో గ్రానైట్. చివరి రెండూ బలహీనమైన కుందేలుకి శత్రువులే. కుక్కకీ పిల్లికీ ఉన్న మెత్తటి దిండ్లు కుందేలు పాదాలకి ఉండవు, అడుగంతా బొచ్చే. టైల్స్ మీద ఆ బొచ్చు సాక్సు తొడుక్కున్నట్టు జారుతుంది. కాస్త బలం ఉన్న కాలు కూడా పక్కకి జారిపోయి తొడ లోపలి కండ సాగుతుంది, కుందేలు లేవడం మానేస్తుంది, వాడని కండ ఇంకా కరుగుతుంది. బలహీనత ముదరడానికి సగం కారణం ఈ జారుడే. కడప బండ కాస్త నయం, గరుకు ఉంటుంది. కానీ చలికాలం తెల్లవారుజామున అది మంచుముద్దే, కీళ్ళ నొప్పి ఉన్నదానికి పనికిరాదు.

పరచడానికి దొరికేవాటిలో కొబ్బరి పీచు మ్యాట్ పట్టు బ్రహ్మాండంగా ఇస్తుంది, కానీ వాడకండి. కాలు ఈడ్చే కుందేలు మడమ దాని మీద రాసుకుని కొద్దిరోజుల్లోనే బొచ్చు లేచిపోతుంది, ఆ తర్వాత పుండే. ప్లాస్టిక్ చాప టైల్స్‌తో పాటు తానూ జారుతుంది. పిల్లల ఆటకని అమ్మే, ముక్కలు ముక్కలుగా కలిపే ఫోమ్ మ్యాట్లు చూడ్డానికి బాగుంటాయి. వాటి అతుకుల్లోకి మూత్రం దిగి నాలుగో రోజుకి వాసన మొదలవుతుంది. అంతకంటే ప్రమాదం, అంచులు పళ్ళకి అందుతాయి, కొరికి మింగిన ఫోమ్ పేగుకి అడ్డం పడితే కుందేలు వాంతి చేసుకోలేదు, దాని శరీరంలో ఆ ఏర్పాటే లేదు. యోగా మ్యాట్ పట్టు బాగుంది, అదే భయం దీనికీ ఉంది. నాలుగంచులూ మంచం కోళ్ళ కిందో బీరువా కిందో నొక్కిపెట్టగలిగితేనే తీసుకోండి. మరీ మెత్తటివి కాకుండా 4–6 మిల్లీమీటర్ల మందం చాలు. మందం ఎక్కువైతే పాదం లోపలికి దిగబడి, బలం లేనిది లేవలేదు.

మా ఓటు నూలు జంపఖానాకి. పాత బస్తీ బట్టలంగళ్ళలో, దుప్పట్లు అమ్మేచోట దొరుకుతుంది. గట్టి నేత ఉండాలి, పోగులు వేలాడకూడదు, వేలాడితే గోరు చిక్కుకుని కుందేలు గుంజుకుంటుంది. జంపఖానా ఒక్కటే వేస్తే టైల్స్ మీద అదీ జారుతుంది. కాబట్టి కింద వంటింటి అరల్లో పరిచే రబ్బరు జాలీ షీట్ వేయాలి, చుట్టలుగా అమ్ముతారు, కత్తెరతో కోయొచ్చు. జంపఖానాకంటే అన్ని వైపులా రెండంగుళాలు చిన్నగా కోస్తే అంచు పళ్ళకి అందదు. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు ఉంటే చిన్నజాతి కుందేలు తిరగడానికి సరిపోతుంది. రెండు జంపఖానాలు కొనండి, ఒకటి ఉతుకులో ఉన్నప్పుడు రెండోది. ఖర్చుకీ ఫలితానికీ చూస్తే ఈ సమీక్షలో మొదటి స్థానం దీనిదే: జారుడు వల్లే ఇబ్బందిపడే కుందేలైతే మందూ మాకూ లేకుండానే నడక మెరుగవడం మొదటి వారంలోనే కనిపిస్తుంది.

పడుకునే చోటు సంగతి వేరు. వెనక కాళ్ళు ఆడని కుందేలు మూత్రం పోసేటప్పుడు నడుము ఎత్తలేదు, పోసింది పొట్ట కిందే ఉంటుంది. దాని చర్మం కాగితమంత పలచన, ఆ తడికి రెండు రోజుల్లో కాలినట్టు ఎర్రబడి బొచ్చు ఊడుతుంది. ఇక్కడ పనికొచ్చేవి రెండూ మనుషుల అంగళ్ళలోనే ఉన్నాయి. ఒకటి పసిపిల్లల కింద వేసే డ్రై షీట్, పైన ఫ్లీస్ (మెత్తటి నూగుండే సింథటిక్) గుడ్డ ఉండేది. గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు చుట్టుపక్కల పిల్లల సామాన్ల అంగళ్ళలో అన్ని సైజులూ ఉంటాయి. రెండోది మంచం పట్టిన పెద్దవాళ్ళకి వాడే అండర్‌ప్యాడ్, 60×90 సెంటీమీటర్ల సైజు, రుయా, స్విమ్స్ ఆస్పత్రుల చుట్టూ ఉన్న మెడికల్ షాపుల్లో ప్యాకెట్లుగా అమ్ముతారు.

వీటిని ఏ వరసలో వేస్తామన్నదే కీలకం. అడుగున రబ్బరు జాలీ, దాని మీద అండర్‌ప్యాడ్, ఆ పైన ఫ్లీస్ గుడ్డ, అంచులు కిందికి మడిచి. తడి ఫ్లీస్‌లోంచి కిందికి దిగి ప్యాడ్‌లో చేరాలి, పై గుడ్డ పొడిగా ఉండాలి. అందుకని ఇక్కడ రబ్బరు పొర ఉన్న డ్రై షీట్ కంటే మామూలు ఫ్లీస్ దుప్పటి ముక్క మేలు. డ్రై షీటే ఉంటే దాన్ని పైన వేయకుండా అండర్‌ప్యాడ్ బదులు కింద వేసి, పైన ఫ్లీస్ ముక్క పరవండి. ఈ తేడా అంగడివాళ్ళు చెప్పరు. ఇంకో మెలిక ఉంది: కొత్త ఫ్లీస్ నీళ్ళు పీల్చదు. చెంచాడు నీళ్ళు పోసి చూడండి, తామరాకు మీద బొట్లలా నిలిచిందంటే ఇంకా పనికిరాదన్నమాట. రెండుమూడుసార్లు వేడి నీళ్ళతో, మామూలు సబ్బు పొడితో ఉతికితే అదే చెంచాడు నీళ్ళు రెండు మూడు సెకన్లలో కిందికి దిగుతాయి. సువాసన కోసం ఆఖర్న వేసే కండిషనర్ మాత్రం వేయొద్దు, దాని పొర వల్ల మళ్ళీ నీళ్ళు దిగవు. అండర్‌ప్యాడ్ ఎప్పుడూ కుందేలుకి కనిపించకూడదు. కొరికితే లోపలి జిగురు పొడి పొట్టలో ఉబ్బుతుంది.

పసిపిల్లల డైపర్లు కత్తిరించి తోకకి కన్నం పెట్టి తొడగొచ్చని చెప్పేవాళ్ళు చాలామంది. ఆస్పత్రి ప్రయాణం లాంటి గంట రెండు గంటలకి సరే, రోజంతా వద్దు. తిరుపతి ఉక్కపోతకి లోపల చర్మం మెత్తబడి పుండవుతుంది. పైగా కుందేలు తన మెత్తటి పెంటికల్ని నేరుగా నోటితో అందుకుని తింటుంది, అది దానికి విటమిన్లూ ప్రొటీనూ ఇచ్చే ఆహారం. డైపర్ దానికి అడ్డం. వెనక్కి వంగలేని కుందేలుకి ఆ మెత్తటి ముద్దలు తోక కింద అంటుకుపోతాయి, పొద్దునా సాయంత్రం చూసి తీయాలి. గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ ముంచి అక్కడివరకే తుడిచి, పొడి తువ్వాలుతో అద్ది ఆరబెట్టాలి. మొత్తం ఒళ్ళు తడిపి స్నానం చేయించకూడదు, ఆ అదురుకే ప్రాణం పోయినవి ఉన్నాయి. తొడల మధ్య బొచ్చు పొట్టిగా కత్తిరిస్తే సగం బాధ తప్పుతుంది. పౌడర్ కావాలంటే మొక్కజొన్న పిండి కొద్దిగా అద్దండి, టాల్కం వద్దు. జింక్ ఆక్సైడ్ ఉన్న డైపర్ క్రీములూ వద్దు, నాకుతుంది. వానాకాలంలో ఈ తనిఖీ ఒక్కరోజు కూడా మానకూడదు. ఈగ గుడ్లు పెట్టిన 24 గంటల్లోపే పురుగు పుడుతుంది, తడిసిన బొచ్చే దానికి పిలుపు. పురుగు కనిపిస్తే పసుపూ వేపనూనే రాసుకుంటూ కూర్చోకండి, నేరుగా ఆస్పత్రికి.

వెనక కాళ్ళు ఆడకపోతే చెవి కూడా గోక్కోలేదు. ఇది చాలామందికి తట్టదు. చెవిలో మైనం పేరుకుంటుంది, వారానికోసారి లోపలికి చూడాలి. పేనూ పిడుదూ పడితే కుక్కలకి కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే తిరుపతి పెట్ షాపులన్నిట్లో అరచేతి దూరంలో ఉంటుంది. కుందేలుకి అది విషం.

మలమూత్రాల ట్రేకి పెట్ షాపు మోడళ్ళు కొనక్కర్లేదు, అన్నిటికీ అంచు ఎత్తు ఎక్కువ. ప్లాస్టిక్ సామాన్ల అంగట్లో వెడల్పాటి ట్రే కొని, ఒక పక్క అంచు నేల నుంచి 3 సెంటీమీటర్లు మిగిలేలా కోసి, కోసిన చోట గరుకు పోయేదాకా ఇసుక కాగితం రుద్దండి. లోపల న్యూస్‌పేపర్, దాని మీద గడ్డి. గడ్డి కట్ట ట్రేకి అవతలి చివర పెడితే తింటూ అక్కడే పోస్తుంది. పిల్లుల కోసం అమ్మే, తడికి ముద్ద కట్టే బంకమట్టి లిట్టర్ వద్దు, నోట్లోకి పోతే పేగులో కూడా అలాగే ముద్ద కడుతుంది. రంపపు పొట్టు దుమ్ము ఊపిరికి పడదు. ట్రేకి పట్టిన తెల్ల గార వెనిగర్, నీళ్ళు సగం సగం కలిపి నానబెడితే వదులుతుంది. ఫినాయిల్ వాడకండి.

అంగళ్ళలో అమ్మే బోనుల్లో ఎక్కువ భాగం తీగ అడుగు ఉన్నవే. కింద ట్రే ఉంటుంది, పెంటికలు రాలిపోతాయి, శుభ్రం సులువు. ఆ సౌకర్యం మనకి, కుందేలుకి కాదు. మడమ పుండ్లకి పెద్ద కారణం ఆ తీగే. ఇప్పటికే ఉంటే అడుగున ప్లైవుడ్ ముక్క కోసి వేసి, పైన జంపఖానా వేయండి. కొత్తగా కొనేదైతే బోనే వద్దు, కుక్కపిల్లల కోసం అమ్మే మడత కంచె తీసుకోండి, రెండు రెండున్నర అడుగుల ఎత్తు చాలు. కంచె నేల మీద నిలుస్తుంది కాబట్టి గడప, మెట్టు ఏవీ ఉండవు.

ఇప్పుడు బండి. ఆన్‌లైన్‌లో దొరికేవి దాదాపు అన్నీ చిన్న కుక్కల కోసం చేసినవే, వివరాల్లో కుందేలు పేరు చేర్చి అమ్ముతారు. అల్యూమినియం చట్రం, వెనక రెండు చక్రాలు, తొడలు దూర్చే రెండు రింగులు, ఛాతీకి బెల్టు. ఇబ్బంది ఎక్కడంటే, కుక్క కాళ్ళు నిటారుగా పెట్టి నిలబడుతుంది, కుందేలు మడమలు నేలకి ఆనించి ముడుచుకుని కూర్చుంటుంది. కుక్క కొలతతో చేసిన బండిలో కుందేలు నడుము భుజాలకంటే పైకి లేచి, బరువంతా ముందుకాళ్ళ మీద పడుతుంది. ముందుకాళ్ళు సన్నవి, అంత బరువు మోయడానికి చేసినవి కావు. రింగుల అంచు గజ్జల్లో రాసుకుంటుంది, పొట్ట కింది పట్టీ మూత్రాశయాన్ని నొక్కుతుంది.

కొనాల్సే వస్తే మూడు కొలతలు తీసుకోండి: భుజం నుంచి తుంటి ఎముక దాకా పొడవు, తుంటి దగ్గర వెడల్పు, ఒకరు పొట్ట కింద చెయ్యి పెట్టి మామూలు ఎత్తులో పట్టుకున్నప్పుడు నేల నుంచి గజ్జల దాకా ఎత్తు. వెడల్పుకి ఒక్కో పక్క ఒక సెంటీమీటరు వదలాలి. తొడిగాక వీపు నేలకి సమాంతరంగా ఉందో లేదో పక్కనుంచి ఫోటో తీసి చూడండి, కంటికి తెలియని వాలు ఫోటోలో తెలుస్తుంది. రింగులకి ఫ్లీస్ ముక్క చుట్టి కుట్టాలి. మొదట్లో 5 నిమిషాలు, అలవాటయ్యాక రోజుకి రెండుసార్లు 10–15 నిమిషాలు, అంతకు మించి వద్దు. ఒక్కదాన్నే వదలకూడదు, కుక్కర్ విజిల్‌కి ఉలిక్కిపడి ఎగిరితే బండితో సహా తిరగబడుతుంది. మన ఇళ్ళలో ప్రతి గదికీ గడప ఉంటుంది కాబట్టి ఒక్క గదిలోనే తిప్పగలరు, ఆ మాట ముందే లెక్కలో వేసుకోండి.

డబ్బు పెట్టేముందు అర అంగుళం పీవీసీ పైపు, దాన్ని కలిపే ఎల్బో, టీ జాయింట్లు, బొమ్మ కారు చక్రాలతో నమూనా ఒకటి కట్టుకోవచ్చు. గమ్ వేయకుండా బిగిస్తే పొడవు, వెడల్పు మార్చుకుంటూ సరైన కొలత పట్టుకోవచ్చు. ఆ నమూనాలో కుందేలు ముందుకి కదలాలని చూస్తోందా, లేక బిగుసుకుని కూర్చుందా అన్నది ముఖ్యం. బిగుసుకున్నదానికి ఖరీదైన బండి కొన్నా అంతే. ముందుకాళ్ళు గట్టిగా, తిండి బాగా తింటూ, డాక్టరు వెన్ను కుదురుకుందని చెప్పినవాటికే బండి. మిగతావాటికి మెత్తటి చున్నీ చాలు: వెనక తొడలకి కాస్త ముందు పొట్ట కింద దూర్చి, పాదాలు నేలకి తగిలీ తగలనట్టు ఎత్తిపట్టి 3–5 నిమిషాలు నడిపించాలి. దాని తర్వాత ఒక్కో కాలిని సైకిల్ తొక్కినట్టు 10–15 సార్లు మెల్లగా తిప్పాలి, ఎక్కడ బిగిసిందో అక్కడ ఆపాలి. బండికి ఐదుకి రెండు, చున్నీకి నాలుగు ఇస్తాం.

తిండి దగ్గర అంగళ్ళు అమ్మేది గింజలూ రంగుల బిళ్ళలూ కలిపిన మిక్స్. కుందేలు అందులో తియ్యటివి ఏరుకుని తిని లావెక్కుతుంది, బలహీనమైన కాళ్ళ మీద ప్రతి వంద గ్రాములూ బరువే. పెల్లెట్లు (గుళికల్లా ఉండే దాణా) కొంటే సంచి వెనక పీచు 18 శాతానికి తగ్గకుండా, ప్రొటీన్ 12–14 శాతం ఉందో చూడండి. మాంసం కోసం పెంచేవాళ్ళకి అమ్మే దాణాలో ప్రొటీన్ ఎక్కువ. కిలో బరువుకి రోజుకి 20–25 గ్రాములు మించొద్దు. అసలు తిండి గడ్డే. రెండు కిలోల కుందేలు రోజుకి సుమారు 80–100 గ్రాముల ఎండుగడ్డి తింటుంది, కాబట్టి దిగుమతి తిమోతీ గడ్డి కిలో ప్యాకెట్టు పది పన్నెండు రోజులే వస్తుంది. పాడి ఎక్కువున్న జిల్లా మనది, లేత నేపియర్, గినీ గడ్డి దగ్గర్లోని ఊళ్ళలో దొరుకుతాయి, పూలంగళ్ళలో గరిక కట్టలు దొరుకుతాయి. కడిగి, నీళ్ళు ఓడ్చి, వారం పది రోజుల్లో మెల్లగా పెంచుతూ అలవాటు చేయాలి. వరిగడ్డి పరుపుకే, కడుపుకి చాలదు. సుబాబుల్ ఆకులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది, మేకలు తింటాయి కదా అని రోజూ వేయకండి. రైతు బజార్‌లో ముల్లంగి కొన్నవాళ్ళు తుంచి పడేసే ఆకు, కొత్తిమీర, పుదీనా మంచివి. మునగాకులో కాల్షియం మరీ ఎక్కువ, పాలకూర కూడా రోజూ వద్దు.

కాల్షియం ఎందుకు చేటంటే, కుందేలు పేగు తిండిలో ఎంత కాల్షియం ఉంటే దాదాపు అంతా పీల్చేస్తుంది, ఎక్కువైంది మూత్రంలో వదులుతుంది. కదలని కుందేలు మూత్రం పూర్తిగా పోయలేదు, అడుగున సుద్దలా పేరుకుంటుంది. అలాంటిదానికి కోళ్ళకి అమ్మే కాల్షియం టానిక్ పోస్తే సుద్ద కాస్తా రాయవుతుంది. మూత్రం పేస్టులా చిక్కగా వస్తుంటే, లేదా పొట్ట కింద గట్టి బంతిలా తగులుతుంటే డాక్టరుకి చూపించాలి. మూత్రాశయం చేత్తో నొక్కి ఖాళీ చేయడం నేర్పించమని అడగండి, వీడియో చూసి మాత్రం చేయొద్దు. పగిలితే ప్రాణం పోతుంది.

పశువుల మందుల షాపుల్లో ఒక జాగ్రత్త. ఎన్‌సెఫలిటోజూన్‌కి డాక్టర్లు రాసే ఫెన్‌బెండజోల్ మోతాదు కిలోకి 20 మిల్లీగ్రాములు, రోజుకోసారి, 28 రోజులు. ఈ మందు 2.5 శాతం, 10 శాతం రెండు గాఢతల్లోనూ వస్తుంది, ఎందుకంటే గొర్రెలకీ ఆవులకీ అమ్మేది ఇదే. రెండు కిలోల కుందేలుకి మొదటిదైతే 1.6 మిల్లీలీటర్లు, రెండోదైతే 0.4 మాత్రమే. రెండో సీసా కొని మొదటిదాని లెక్కన పోస్తే నాలుగు రెట్లు పడుతుంది, ఎముక మజ్జ దెబ్బతింటుంది. చీటీ మీద మిల్లీలీటర్లతో పాటు గాఢత కూడా రాయించుకోండి, అంగట్లో లేబుల్‌తో సరిచూడండి. సూది తీసేసిన 1 మిల్లీలీటరు సిరంజితో, ముందుపళ్ళ వెనకున్న ఖాళీలోంచి పక్కగా పోయాలి. వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనుషుల మందుల షాపులో అమాక్సిసిలిన్ సిరప్ తెచ్చి పోయడం మాత్రం చచ్చినా వద్దు. నోటిద్వారా ఇచ్చిన పెన్సిలిన్ జాతి మందులు కుందేలు పేగులోని మంచి బ్యాక్టీరియాని చంపి విషపు విరేచనాలు తెప్పిస్తాయి.

10 కిలోల డిజిటల్ కిచెన్ తూకం ఒకటి కొనండి. వారానికోసారి, ఒకే వేళకి, బుట్టలో కూర్చోబెట్టి తూచాలి. రెండు కిలోల కుందేలు వారంలో వంద గ్రాములు తగ్గిందంటే పైకి బాగానే ఉన్నట్టున్నా చూపించాల్సిందే. ఎండాకాలం తిరుపతి 40 డిగ్రీలు దాటుతుంది, కుందేలుకి 28–30 దాటితేనే కష్టం, కాళ్ళు ఆడనిది నీడకి జరగలేదు. గడ్డకట్టించిన నీళ్ళ సీసాకి తువ్వాలు చుట్టి పక్కన ఆనించండి, నీళ్ళు సీసాలో కాకుండా బరువైన మట్టి మూకుడులో, తల వంచితే అందే ఎత్తులో పెట్టండి.

ఆస్పత్రి విషయానికొస్తే ఊళ్ళోనే పశువైద్య కళాశాల ఉండడం తిరుపతివాళ్ళ అదృష్టం. 1955లో మొదలైన ఈ కళాశాల 2005 నుంచి శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉంది, బోధనాసుపత్రి దానికి అనుబంధం. మెడిసిన్, సర్జరీ వాళ్ళు ఒకేచోట ఉండడం పెద్ద సౌకర్యం. బోధనాసుపత్రి కాబట్టి చుట్టూ విద్యార్థులు మూగుతారు, పక్కన కుక్కలు మొరుగుతాయి, పెట్టె మీద గుడ్డ కప్పే ఉంచండి. నడక ఎలా ఉందో ఇంట్లోనే పక్కనుంచి, వెనకనుంచి 20 సెకన్ల వీడియో తీసుకెళ్ళండి, ఎందుకంటే బల్ల మీద పెట్టగానే ఏ కుందేలైనా బిగుసుకుపోతుంది, డాక్టరుకి నడక కనిపించదు. ఎక్స్‌రే పక్క నుంచి ఒకటి, వెల్లకిలా ఒకటి, రెండూ తీయించాలి. పరగడుపున తెమ్మని ఎవరైనా అంటే కుందేలని గుర్తుచేయండి. దానికి ఉపవాసం అక్కర్లేదు, పేగు ఆగితే ఇంకా ప్రమాదం. ఎన్‌సెఫలిటోజూన్ రక్తపరీక్షలో పాజిటివ్ వస్తే ఎప్పుడో సోకిందని మాత్రమే అర్థం, ఇప్పటి బలహీనతకి అదే కారణమని తేలినట్టు కాదు. పెద్ద స్కానింగులు కావాల్సి వస్తే 1903 నాటి మద్రాసు పశువైద్య కళాశాల చెన్నై వేపేరిలో ఉంది, సుమారు 140 కిలోమీటర్లు. ఎండాకాలమైతే తెల్లవారకముందే బయల్దేరాలి.

ప్రయాణానికి తలుపు పైకి తెరుచుకునే గట్టి ప్లాస్టిక్ పెట్టె మేలు, ముందు తలుపున్నదైతే కుందేల్ని లాగాల్సి వస్తుంది. అడుగున రబ్బరు జాలీ, ఫ్లీస్, రెండు పక్కలా చుట్టిన తువ్వాళ్ళు, ఒక మూల గడ్డి. ఆటోలో పెట్టెని సీటు మీద కాకుండా కాళ్ళ దగ్గర నేల మీద పెట్టి రెండు పాదాల మధ్య పట్టుకోండి, స్పీడ్ బ్రేకర్ల దగ్గర డ్రైవరన్నకి ముందే చెప్పండి. ఇంటికొచ్చాక రెండు మూడు గంటల్లో గడ్డి ముట్టకపోతే పెల్లెట్లు పొడి చేసి, రెండింతలు గోరువెచ్చటి నీళ్ళలో 20 నిమిషాలు నానబెట్టి, వడగట్టి, 5 మిల్లీలీటర్ల సిరంజితో ఒక్కో మిల్లీలీటరు చొప్పున పట్టండి. 12 గంటలు తిండీ పెంటికలూ రెండూ లేకపోతే రాత్రయినా సరే డాక్టరుకి ఫోన్ చేయాలి.